బరువు దీపం

రత్నం "తెల్వదు" అనగా విన్నవాళ్ళు ఒక బస్సెడు మంది ఉన్నారు. వరంగల్ నుంచి నర్సంపేట పోయే పొద్దుటి బస్సు. అందులో నేనొకదాన్ని. అంతకు ముందు ఆ మాట ఆయన నోట విన్నవాళ్ళు మా ఎరుకలో ఎవరూ లేరు. పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఆయన భార్య సువార్తమ్మ కూడా వినలేదు. "మా ఆయనకు తెలుగుల రెండు మాటలు రావు. ఒకటి తెల్వదు, రెండోది తప్పు నాది" అనేదావిడ.

రత్నం మా మామగారి కారు డ్రైవరు. మామగారు యాదగిరి సేటుకు గ్రెయిన్ మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉండేది. మిర్చి, వడ్లు, పెసర్లు బండ్ల మీద వచ్చి ఆయన కాంటా మీద తూగి వెళ్ళేవి. 1961లో హైదరాబాదులో ఒక నవాబుగారి వారసులు వదిలించుకుంటున్న విలాయతి కారును మామగారు తెచ్చుకున్నారు. ముదురాకుపచ్చ రంగు. ముందు సీటు బెంచీలాగా ఒకటే పొడుగు. గేరు కర్ర స్టీరింగు పక్కనే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇద్దరిలో ఎవరిని చూడడానికి ఎక్కువ మంది వచ్చారో చెప్పడం నాకిష్టం లేదు.

రత్నంది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన ఒక పల్లె. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. పదహారో ఏట లారీ క్లీనరుగా చేరి, తర్వాత పదేళ్ళు కలప లారీ నడిపాడు. ఆరడుగుల మనిషి. ఎండాకాలంలో కూడా ఖాకీ చొక్కా మెడ దగ్గర బొత్తాం పెట్టుకునేవాడు. ఏది అడిగినా జవాబు ఉండేది. ఒకసారి ములుగు రోడ్డు మీద మా అత్తగారు విజయలక్ష్మి ఒక గుట్టను చూపించి దాని పేరేమిటన్నారు. అడ్డగుట్ట అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మరచిపోయి మళ్ళీ అదే గుట్టను అడిగారు. నిలువుగుట్ట అన్నాడు. పొద్దున అడ్డమన్నావు కదయ్యా అంటే, అటునుంచి చూస్తే అడ్డం, ఇటునుంచి చూస్తే నిలువు అని చెప్పి గేరు మార్చాడు. పరకాల పొమ్మంటే దారి తప్పి ఎక్కడికో తీసుకుపోయి, ఈ దారిన గాలి బాగుంటుందని కావాలనే తెచ్చానన్న రోజు కూడా ఉంది.

దీనికి కారణం సువార్తమ్మ నాకు చెప్పింది. క్లీనరుగా చేరిన కొత్తలో లారీ యజమాని ఇంజన్‌లో ఏదో చప్పుడు వింటూ ఇదేందిరా అని అడిగితే, ఈయన తెల్వదన్నాడట. తెల్వనోడు నాకెందుకు అని యజమాని అక్కడే, జనగామ దాటిన చోట, రోడ్డు మీద దించేసి పోయాడట. పదహారేళ్ళ పిల్లవాడు ఘన్‌పూర్ దాకా నడుచుకుంటూ వచ్చాడు. ఆ నడకలో ఆ మాటను ఎక్కడో పారేసి వచ్చాడు.

ఇక కమలత్తమ్మ. మామగారికి అక్క. మా ఇంటికి రెండిళ్ళవతల ఉండేది. రత్నానికి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆమే. మనిషి నిలువుకు తగ్గ వెడల్పు, వెడల్పుకు తగ్గ గొంతు. కారంటే ప్రాణం. వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ముందు సీటు తలుపు పక్కన కూర్చునేది. రత్నానికీ ఆమెకూ నడుమ మామగారు కూర్చునేవారు. ఆయన సన్నటి మనిషి. ఇరుకులో భుజాలు పైకి లేచిపోయి, ఏ ఊరు పోయినా ఆశ్చర్యపోతున్నవాడిలాగే కనిపించేవారు.

కారు ముందు పలక మీద గుండుసూది తలకంటే కొంచెం పెద్ద ఎర్ర దీపం ఒకటి ఉండేది. తాళం తిప్పితే వెలిగేది, ఇంజన్ అందుకోగానే ఆరిపోయేది. రత్నం నడిపిన లారీలో దీపాలు లేవు, గడియారానికి ఉన్నట్టు ముళ్ళు ఉండేవి, అవీ సగం విరిగినవి. ఇదేమిటని మా ఆయన గోపాల్ అడిగితే, కారు నిద్ర లేచి ఒక కన్ను తెరిచి చూస్తుందని రత్నం చెప్పాడు. బాగానే ఉందని అందరం ఊరుకున్నాం.

మరుసటి ఏడాది మాఘంలో అందరం రామప్ప గుడి చూడడానికి పాలంపేట బయలుదేరాం. ములుగు రోడ్డు మీద ఒక ఎత్తు ఎక్కుతుండగా ఆ దీపం వెలిగింది. ఇంజన్ నడుస్తూనే ఉంది, దీపం ఆరడం లేదు. మామగారి ముక్కు దానికి జానెడు దూరంలో ఉంది కాబట్టి ఆయనే ముందు చూశారు. ఇదెందుకు వెలిగిందని అడిగారు.

కారు ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. ఆరుగురం ఉన్నాం. రత్నానికి ఆలోచించడానికి ఒక క్షణమే దొరికింది.

"బరువు దీపం సేటూ. మోసేదానికన్న బరువెక్కువైతే వెలుగుతది."

తూకం మీద బతికే మనిషికి ఇంతకంటే నమ్మదగిన మాట మరొకటి ఉండదు. బండి ఆపమన్నారు. ఇంజన్ ఆపకుండా రత్నం పక్కకు తీసి నిలిపాడు. మామగారు ఎవరి వైపూ చూడకుండా, "అక్కా, జర దిగుతవా, చూద్దాం" అన్నారు. కమలత్తమ్మ దిగింది. దిగి, తమ్ముణ్ణి ఒకసారి చూసి, తలుపును ధడాలున వేసింది. కారు మొత్తం అదిరింది.

దీపం ఆరిపోయింది.

మామగారు మెల్లగా, "ఆరింది" అన్నారు. పెసర్లలో రాళ్ళు దొరికినప్పుడు అనే గొంతు అది. వెనక సీట్లో మేం ముగ్గురం కిటికీల్లోంచి పొలాలు చూడడం మొదలుపెట్టాం. కమలత్తమ్మ మళ్ళీ ఎక్కింది. ఈసారి తలుపును పాలగిన్నె మీద మూత పెట్టినంత మెత్తగా వేసుకుంది. అర మైలు పోయామో లేదో, ఒక గుంటలో చక్రం పడి లేచింది. దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి ఆమే, "ఆపు రత్నం" అంది.

ఆడమనిషి ఒక్కతే పోవద్దని నన్ను కూడా తోడు దించారు. ఎదురుగా వచ్చిన బస్సెక్కి మేమిద్దరం వరంగల్ వచ్చేశాం. దారి పొడుగునా కమలత్తమ్మ ఒకే ఒక్క మాట మాట్లాడింది. బస్సుకు దీపం లేదా అని కండక్టరును అడిగింది.

అంతటితో పోయేదే. కానీ మామగారు వ్యాపారి. కారు ఎన్ని కిలోలు మోస్తుందని రత్నాన్ని అడిగారు. రత్నం తడుముకోకుండా మూడు వందల యాభై అన్నాడు. ఆ అంకె ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. అప్పటికి కిలోలు వచ్చి ఎంతో కాలం కాలేదు, ఇంట్లో ఇంకా సేర్లే నడుస్తున్నాయి. కారెక్కే ప్రతివాళ్ళ బరువూ కిలోల్లో తెలిసి ఉండాలని మామగారు తీర్మానించారు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున్నే అందరం మార్కెట్‌కు వెళ్ళాం. తెల్లారకముందే పోతే ఎవరూ ఉండరని అత్తగారి ఆశ. అది మిర్చి వచ్చే కాలం. రాత్రి నుంచి బండ్లు బారులు తీరి ఉన్నాయి. తుమ్ముతూ తుమ్ముతూ వందమంది రైతులు మమ్మల్ని చూశారు.

కాంటా అంటే దూలానికి గొలుసులతో వేలాడేది. ఒక పక్క చెక్క పలక, ఇంకో పక్క ఇనుప బాట్లు. తూచేవాడు కొమురెల్లి. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ వినాలి కాబట్టి తూకం నిలవగానే అంకెను మూడుసార్లు గట్టిగా పాడడం అక్కడి పద్ధతి. కొమురెల్లి ఇరవై ఏళ్ళుగా అలా పాడుతున్నాడు. మెల్లగా చెప్పమని అత్తగారు సైగ చేస్తే సరేనన్నాడు. కానీ మనిషి పలక మీదికి రాగానే గొంతు దానంతటదే లేచింది. మామగారు యాభై. అత్తగారు అరవై ఒకటి. మా ఆయన యాభై ఎనిమిది. రత్నం అరవై ఎనిమిది. నేను నలభై ఒకటి. ఆ తర్వాత నాలుగైదేళ్ళ దాకా మార్కెట్ హమాలీలు నేను వీధిలో కనిపిస్తే "నలభై ఒకటి పోతాంది" అనుకునేవాళ్ళు.

కమలత్తమ్మ పలక మీద కాళ్ళు మడిచి కూర్చుంది. కొమురెల్లి బాట్లు వేస్తూ పోయాడు. తూకం నిలిచింది.

"తొంభై రెండూ... తరుగు రెండు తీసి తొంభై."

సంచి బరువుకు రెండు కిలోలు తీయడం అతని అలవాటు. నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. కమలత్తమ్మ కదలకుండా అక్కడే కూర్చుని, "ఆ రెండు కిలోలు ఎవరు తిన్నరు కొమురెల్లీ?" అంది. బండ్ల దగ్గర నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది. కానీ దిగేటప్పుడు కొంగు భుజం చుట్టూ రెండు వరసలు తిప్పి కప్పుకోవడం నేను చూశాను.

అందరం కలిసి మూడు వందల డెబ్భై. కారు మోసేదానికంటే ఇరవై ఎక్కువ. ఇది మామగారు దుకాణం తలుపు వెనక సుద్దతో రాసుకున్నారు.

ఆ సాయంత్రం కమలత్తమ్మ మా ఇంటి వాకిట్లో నిలిచి ఉన్న కారు దగ్గరికి వెళ్ళింది. రత్నం అద్దం తుడుస్తున్నాడు. నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. ఆమె చాలా మామూలుగా అడిగింది.

"రత్నం, నిజం చెప్పు. అది నా బరువుకే వెలిగిందా?"

రత్నం అద్దం మీద లేని మరకను ఒకదాన్ని చాలాసేపు తుడిచాడు. "మిషన్ సంగతమ్మా" అన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. రామప్ప ప్రయాణం నాటి నుంచి ఆమె రాత్రి అన్నం తినడం లేదని నాకు అప్పటికే తెలుసు. రత్నానికి తెలియదనుకున్నాను.

ఆమె అంతగా అడగడానికి కారణం ఉంది. ఆమె కూతురు నిర్మల నర్సంపేటలో అత్తగారింట రెండో కాన్పులో మగపిల్లాణ్ణి కన్నది. ఇరవై ఒకటో రోజు తొట్టెల, పిల్లాణ్ణి ఉయ్యాలలో వేసే వేడుక. నిర్మలకు మేనమామ మా మామగారే కాబట్టి తొట్టెల ఆయనే తీసుకుపోవాలి. అందరం కార్లో పోవాలని కబురు వచ్చిన గంట నుంచే కమలత్తమ్మ ఊళ్ళో చెప్పుకుంది. కూతురి వాకిట్లో కారు దిగడం అన్న ముచ్చట ఆమెకు మనవడితో పాటు పుట్టింది.

మామగారు సుద్ద పట్టుకుని తలుపు వెనక నిలబడ్డారు. చెక్క తొట్టెల ముప్పై కిలోలు. నేను దిగిపోతే, కమలత్తమ్మ ఎక్కితే, తొట్టెలతో కలిపి మూడు వందల యాభై తొమ్మిది. తొమ్మిది ఎక్కువ. కొమురెల్లి తరుగు తీసినా ఏడు ఎక్కువ. తాను దిగవచ్చునన్న ఆలోచన మామగారికి రాలేదు. గోపాల్‌కూ రాలేదు, ఆ సంగతి నేను ఆయనకు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను. చివరికి తొట్టెల కార్లో, తొట్టెల తెచ్చే అమ్మమ్మ బస్సులో అని తేలింది. నేను మళ్ళీ తోడు. కమలత్తమ్మ భర్త, ఆ పెద్దమనిషి, పిండివంటల బుట్టలతో ముందు రోజే బస్సులో వెళ్ళిపోయాడు. ఆయన్ని తూచాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఈ ఏర్పాటు విని సువార్తమ్మ ఇంట్లో రత్నంతో ఏమందో ఆవిడే నాకు చెప్పింది. ఆ దీపం సంగతి నీకు నిజంగా తెలుసునా అని అడిగిందట. రత్నం చెంబు తీసుకుని బయటికి పోయాడట. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినా ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయాడట. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. జనగామ రోడ్డు మళ్ళీ నడవాలి, ఈసారి పెళ్ళాంబిడ్డలతో.

తొట్టెల రోజు మా బస్సు ముందు కదిలింది. కారు కాసేపటికి బయలుదేరింది. కార్లో జరిగింది మా ఆయన చెప్పగా విన్నది. గొర్రెకుంట దాటగానే దీపం వెలిగింది. ముందు సీట్లో మామగారు ఆ రోజు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆయన కాళ్ళు ముడుచుకున్నారు. వేళ్ళ మీద లెక్క వేశారు. తొట్టెలతో సహా రెండు వందల అరవై ఏడు. ఇంకా ఎనభై మూడు కిలోల జాగా ఉంది. వెనక్కి తిరిగి భార్యను అనుమానంగా చూశారు. ఆవిడ, తొట్టెల పక్కన ఒదిగి కూర్చున్న మనిషి, నా వైపు చూడకండి అన్నట్టు చూశారు.

అప్పుడు మామగారికి ఒకటి తట్టింది. "కొమురెల్లి కాంటా తప్పుందేమో రత్నం."

రత్నం తల ఊపితే చాలు. ఎవరూ అడిగే వాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా అంకెలు పాడిన కొమురెల్లి గొంతు రేపటి నుంచి ఆగిపోతుంది, అంతే. రత్నం తల ఊపలేదు. కాదని కూడా అనలేదు. బండి వేగం పెంచాడు. ఎందుకు పెంచుతున్నావని మామగారు అడుగుతూనే ఉన్నారు.

ధర్మారం దాటిన తర్వాత మా బస్సు గభాలున ఆగింది. చూస్తే ఆకుపచ్చ కారు ముందుకు వచ్చి అడ్డం తిరిగి ఉంది. రత్నం రోడ్డు నడుమ చేతులు చాపి నిలబడ్డాడు. బస్సు డ్రైవరు హారన్ మోగిస్తుంటే, నేరుగా మా కిటికీ దగ్గరికి వచ్చి ఊచలు పట్టుకున్నాడు.

"అమ్మా, దిగుండ్రి. కార్ల కూసోండ్రి."

"నీ దీపం ఒప్పుకోదు కదా" అంది కమలత్తమ్మ.

"మీరు లేకున్నా వెలిగింది. ఇప్పుడు కూడా వెలుగుతాంది."

"అయితే ఎవరి బరువది?"

"అది బరువు దీపం కాదమ్మా."

"మరి ఏం దీపం?"

రత్నం నోరు తెరిచాడు. మూశాడు. మెడ దగ్గరి బొత్తాం విప్పుకున్నాడు. బస్సులో తలలన్నీ మా కిటికీ వైపు తిరిగాయి. ముందు సీట్లో కోడిని పట్టుకుని కూర్చున్న ముసలాయన కూడా వెనక్కి తిరిగాడు.

"తెల్వదు."

కండక్టరుకు లారీ రోజుల నుంచీ రత్నం తెలుసు. అతను డ్రైవరు వైపు తిరిగి, "హారన్ ఆపన్నా, రత్నమన్న తెల్వదంటాండు" అన్నాడు. హారన్ ఆగిపోయింది.

కమలత్తమ్మ కిటికీ ఊచల దగ్గరికి వంగింది. "నలభై రోజుల సంది రాత్రి బువ్వ మానేసిన రత్నం" అంది.

"తెలుసమ్మా."

"అది మాత్రం తెలుసా."

లేచింది. నన్ను ముందుకు తోస్తూ బస్సు దిగింది. కారు ముందు తలుపు తీసి, ఎవరినీ జరగమనకుండా కూర్చుంది. తమ్ముడు తనంతట తానే ఇరుక్కుపోయి భుజాలు లేపుకున్నాడు. నేను వెనక తొట్టెల కాళ్ళ నడుమ దూరాను. అప్పుడామె తలుపు వేసింది. నలభై రోజుల ఆకలి, మార్కెట్‌లో నవ్వులు, చూడని రామప్ప గుడి, అన్నీ కలిపి వేసింది. నా పళ్ళు కదిలాయి.

దీపం ఆరిపోయింది.

మామగారు దానికేసి, అక్క కేసి, రత్నం కేసి చూశారు. ఇప్పుడెందుకు ఆరిందని అడిగారు. రత్నం ఈసారి నోరు తెరిచి మూయలేదు. "తెల్వదు సేటూ. నర్సంపేటల దించినంక తాళంచెవి ఇచ్చేస్త" అన్నాడు.

మామగారు ఇద్దరి నడుమ ఇరుక్కుని ఎదురుగా రోడ్డును చూశారు. చూస్తూనే, "నాకు మాత్రం తెలుసా ఏంది. నువ్వు అంకె చెప్పినవు, నేను కాంటా తీసిన" అన్నారు. తర్వాత, "నడుపు. తొట్టెల టైమైతాంది" అన్నారు. కమలత్తమ్మ కూతురి వాకిట్లో కారు దిగింది. నిర్మల అత్తగారు బయటికి వచ్చి చూసేదాకా ఆమె తలుపు తీయలేదు. ఆ రోజు మధ్యాహ్నం, మళ్ళీ రాత్రి కూడా, బూరెలతో సహా తిన్నది.

ఆ దీపం ఆ తర్వాత కూడా నాలుగైదు నెలలు దాని ఇష్టం వచ్చినప్పుడు వెలిగింది. రెండు మూడుసార్లు గమనించాక రత్నం కారు ఆపి, ఎంతో మర్యాదగా, "అమ్మా, జర ఒక్కసారి తలుపు వేయుండ్రి" అనేవాడు. ఆమె దిగకుండానే తలుపు తెరిచి వేసేది. కోపం చాలకపోతే మామగారు ఏదో ఒకటి అనేవారు, అప్పుడు సరిపోయేది. చివరికి హనుమకొండలో ఒక మెకానిక్కు పలక వెనక చెయ్యి పెట్టి వదులైన తీగ ఒకటి పట్టుకారుతో బిగించాడు. రెండు నిమిషాల పని. బ్యాటరీకి కరెంటు అందకపోతే వెలిగే దీపమట. తలుపు అదురుకు తీగ అతుక్కునేదట, గుంటకు ఊడేదట. రత్నం అదంతా రెండుసార్లు చెప్పించుకుని వచ్చి మాకు వివరించాడు. వివరించి, ఇది తనకు నిన్ననే తెలిసిందని కూడా చెప్పాడు. ఎవరూ అడగలేదు.

తలుపు వెనక సుద్ద అంకెలు మాత్రం మళ్ళీ సున్నం వేసేదాకా ఉన్నాయి.

మరుసటి మాఘంలో కమలత్తమ్మను, నన్ను రామప్పకు తీసుకుపోయారు. దారిలో ఆమె ఎందుకో ఒకసారి తలుపు తీసి ధడాలున వేసింది. దీపం వెలగలేదు కదమ్మా అన్నాడు రత్నం. వెలుగుతదేమోనని ముందే వేశానంది. అప్పుడే ఆ గుట్ట వచ్చింది. అత్తగారు ఊరుకోవచ్చు కదా. దాని పేరేమిటి రత్నం అని అడిగారు.

కార్లో అందరం రత్నం వైపు తిరిగాం. రత్నం బండి పక్కకు ఆపాడు. దిగి, బొత్తాం సర్దుకుని, దూరంగా మేకలు కాస్తున్న మనిషి దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఇద్దరూ గుట్ట వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి సీట్లో కూర్చుని, గేరు వేసి, ఎంతో తృప్తిగా చెప్పాడు.

"అడిగినమ్మా. వానికి కూడా తెల్వదట."